పైచుట్టు చేసే పని: తునికాకు నుంచి వేడిపొగాకు కడ్డీ దాకా

పొగాకు మీద వ్యాసమంటే ఎవరైనా పొగాకు గురించే రాస్తారు. దాన్ని చుట్టిన ఆకునో కాగితాన్నో పట్టించుకునేవాళ్లు తక్కువ. ప్రయోగశాలలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. పైచుట్టు మారితే పొగలో కార్బన్ మోనాక్సైడ్ మారుతుంది, నిప్పు ఆరిపోయే వేగం మారుతుంది, తాగేవాడు ఎన్ని దమ్ములు లాగాల్సి వస్తుందో కూడా మారుతుంది. 'మేం కాల్చం, వేడి మాత్రమే చేస్తాం' అంటూ 2014 నుంచి విదేశీ మార్కెట్లలోకి వచ్చిన వేడిపొగాకు కడ్డీలతో ఈ పైచుట్టు తయారీ మరింత సూక్ష్మమైన విద్యగా మారింది. పైచుట్టును మారిస్తే నిజంగా ఏం మారుతుంది, ఏది మారదు? తిరుపతి, చిత్తూరు జిల్లాల వైపు నుంచి చూస్తే అందులో మనకు పనికొచ్చేది ఏమైనా ఉందా? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకే పరిమితం.

ముందు చట్టం సంగతి. వేడిపొగాకు ఉత్పత్తులు మన దేశంలో నిషిద్ధం. 2019 సెప్టెంబర్ 18న వచ్చిన ఆర్డినెన్సూ, ఆ ఏడాది డిసెంబర్‌లో దాని స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టమూ ఈ-సిగరెట్టు నిర్వచనంలోనే వీటినీ కలిపేశాయి. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. నిల్వకు శిక్ష తక్కువ; మిగతావాటికి మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఇక తిరుమల కొండ మీదైతే మామూలు బీడీ, సిగరెట్టుకే చోటు లేదు. అలిపిరి తనిఖీ దగ్గరే తీసేయిస్తారు. అంటే వేడిపొగాకు కాగితం మీద ఈ ప్రాంతంలో ఎవరికీ వ్యాపారపు ఆశ ఉండే అవకాశం లేదు. అందువల్లే దాని గురించి తీరిగ్గా, అమ్మేవాడి మాటకూ తిట్టేవాడి మాటకూ లొంగకుండా మాట్లాడుకోవచ్చు.

ఇంకో లెక్క కూడా మొదట్లోనే దగ్గర పెట్టుకోవాలి. 2016–17లో జరిగిన రెండో విడత జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో పొగ తాగేవారు 10.7 శాతం. బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్టు తాగేవారు 4 శాతం. మన దేశంలో పొగాకు పైచుట్టు అంటే మొదట తునికాకు, తరవాతే కాగితం.

కాగితంలో ఏముంది

సిగరెట్టు కాగితం మామూలు కాగితం కాదు. రాసుకునే తెల్లకాగితం చదరపు మీటరుకు 70–80 గ్రాములు తూగితే ఇది 25 గ్రాములకు అటూ ఇటూ. ఆ లెక్కన ఒక సిగరెట్టు చుట్టూ ఉండే కాగితం బరువు సుమారు 40 మిల్లీగ్రాములే. అవిసె నార గుజ్జో కలప గుజ్జో దీని ఒళ్లు. అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కాల్షియం కార్బొనేటు, అంటే సుద్దపొడి కలుపుతారు. కాగితం తెల్లగా కనిపించడానికీ, కాలాక నుసి పొరలుపొరలుగా రాలిపోకుండా నిలవడానికీ, గాలి చొరబడటానికీ అది కావాలి. మీద సోడియం సిట్రేటో పొటాషియం సిట్రేటో కొద్దిగా పూస్తారు. ఆ లవణం కాగితం ఎంత వేగంగా రాజుకోవాలో అదుపు చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది గాలి చొరబాటు. దాన్ని కోరెస్టా యూనిట్లలో కొలుస్తారు: నిర్ణీత ఒత్తిడి పెట్టినప్పుడు చదరపు సెంటీమీటరు కాగితం గుండా నిమిషానికి ఎన్ని ఘనపు సెంటీమీటర్ల గాలి పోతుందన్నది ఆ లెక్క. కాగితం గాలి ఆడేదైతే రెండు పనులు జరుగుతాయి. బయటి గాలి లోపలికొచ్చి పొగను పలుచన చేస్తుంది. తేలికైన వాయువు కార్బన్ మోనాక్సైడ్ లోపలి నుంచి కాగితం గుండా బయటికి జారుకుంటుంది. రెండింటివల్లా యంత్రం పీల్చి కొలిచే పొగలో అంకెలు తగ్గుతాయి.

యంత్రం పీల్చి కొలిచే పొగలో అన్నాను. తిరకాసంతా అక్కడే ఉంది. 1960ల తరవాత సిగరెట్టు కంపెనీలు గాలి బాగా ఆడే కాగితాలూ, ఫిల్టరు చుట్టూ కంటికి ఆనని చిల్లులూ పెట్టి 'లైట్' సిగరెట్లు తెచ్చాయి. యంత్రం 35 మిల్లీలీటర్ల దమ్మును నిమిషానికొకటి చొప్పున లాగి, తారు తగ్గిందని చెప్పింది. మనిషి యంత్రం కాదు. తనకు కావాల్సిన నికోటిన్ అందకపోతే గట్టిగా లాగుతాడు, ఎక్కువసార్లు లాగుతాడు, తెలియకుండానే వేళ్లతో ఆ చిల్లులు మూస్తాడు. ఈ విషయాన్ని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2001లో ఒక పూర్తి సంపుటంగా ప్రచురించింది. 2014లో ఆ దేశపు సర్జన్ జనరల్ నివేదిక ఇంకో అడుగు ముందుకేసి, 1950ల నుంచి సిగరెట్టు తయారీలో వచ్చిన మార్పులు ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ ముప్పును పెంచాయని తేల్చింది. పైచుట్టు బాగుపడిందని చెప్పిన అంకెలు ఒక తరాన్ని ఎలా మోసం చేశాయో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఇకపై ఏ కొత్త పైచుట్టు గురించి ఏ యంత్రపు అంకె చూసినా ఈ చరిత్రను గుర్తుపెట్టుకునే చదవాలి.

తునికాకు చెప్పే పాఠం

చిత్తూరు దాటి తమిళనాడు సరిహద్దులోకి అడుగుపెడితే వేలూరు జిల్లా గుడియాత్తం ప్రాంతం బీడీ చుట్టే ఇళ్లకు పేరుపడింది. వాటిలో తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. పని చూడటానికి తేలికగా ఉంటుంది. ముందురోజు తడిపి గోనెలో చుట్టిపెట్టిన ఆకు మెత్తబడి ఉంటుంది. దాని మీద రేకు అచ్చు పెట్టి కత్తెరతో దీర్ఘచతురస్రంగా కత్తిరిస్తారు, లావాటి ఈనె తగలకుండా చూసుకుంటారు. ఒళ్లోని చేటలోంచి చిటికెడు పొగాకు తీసి ఆకు మీద పరిచి, రెండు బొటనవేళ్లతో ఒక కొస సన్నగా ఇంకో కొస వెడల్పుగా వచ్చేలా దొర్లిస్తారు. కొసను గోరుతో లోపలికి మడిచి దారం చుడితే బీడీ. కూలి వెయ్యికి ఇంత అని. ఈ మొత్తంలో జిగురు లేదు, సుద్దపొడి లేదు, సిట్రేటు లేదు. పైచుట్టు అచ్చంగా ఒక చెట్టు ఆకు.

శాస్త్రీయ నామం డయోస్పైరోస్ మెలనాక్సిలాన్. గోదావరి పరీవాహక అడవుల్లో వేసవి తునికాకు కోత పెద్ద పని. తిరుమల చుట్టూ ఉన్న శేషాచలం అడవుల్లోనూ తునికి జాతి చెట్లు ఉన్నాయి. ఆకు దొరకని చోట్ల ఆరె చెట్టు ఆకునూ వాడతారుగానీ అది రెండో రకం సరుకు కిందే లెక్క. తునికాకును ఎంచుకోవడానికి వ్యాపారులు చెప్పే కారణాలు పెద్ద ఆకు, తడిపితే విరగదు, తొందరగా చివకదు, నిప్పు నిలుపుకుంటుంది అని. ఈ చివరి మాట మిగతా ఆకులతో పోల్చినప్పుడే నిజం. సిగరెట్టు కాగితంతో పోలిస్తే కథ తిరగబడుతుంది. బంకు దగ్గర వెలిగించిన బీడీని మాటల్లో పడి వేళ్ల మధ్య ఊరికే పట్టుకుంటే కాసేపటికి ఆరిపోతుంది. మళ్లీ అగ్గిపుల్ల గీయాలి. సిగరెట్టు అలా ఆరదు, దమ్ము లాగకపోయినా పీక దాకా తనంత తానే రాజుకుంటూ పోతుంది.

ఈ చిన్న తేడా పరిశోధకులకు పెద్ద చిక్కే తెచ్చింది. సిగరెట్టుకు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం నిమిషానికి ఒక్క దమ్ము చొప్పున లాగితే బీడీ యంత్రం మీదే ఆరిపోతుంది. అందుకే 1974లో హాఫ్‌మన్, సంఘ్వీ, వైండర్ భారతీయ బీడీనీ అమెరికా సిగరెట్టునూ పక్కపక్కన పెట్టి పొగను విశ్లేషించిన కాలం నుంచీ బీడీకి దమ్ముల మధ్య విరామం తగ్గించి కొలవడం మొదలైంది. 2003లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్తలు మళ్లీ కొలిచారు. బీడీలో ఉండే పొగాకు దాదాపు 0.2 గ్రాములు, అంటే సిగరెట్టులో మూడో వంతో ఇంకా తక్కువో. అయినా బీడీ పొగలో తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ అమెరికా సిగరెట్ల కన్నా ఎక్కువే వచ్చాయి. కారణంగా వాళ్లు చూపించింది ప్రధానంగా పైచుట్టునే. ఆకు మీద మైనపు పొర ఉంది, గాలి ఆడదు. పొగ పలుచన కాదు, కార్బన్ మోనాక్సైడ్ పక్కలనుంచి జారుకునే దారి లేదు. పైగా ఆరిపోకుండా చూసుకోవడానికి మనిషి ఎక్కువసార్లు లాగాలి.

ఇక్కడ ఆగి ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ అంకెలు చూసి 'సిగరెట్టు కన్నా బీడీయే ఎక్కువ చంపుతుంది' అని రాసేవాళ్లున్నారు. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రభాత్ ఝా బృందం ప్రచురించిన దేశవ్యాప్త మరణాల అధ్యయనం అలా చెప్పలేదు. బీడీ తాగే మగవాళ్లు సగటున సుమారు 6 ఏళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటే, సిగరెట్టు తాగే మగవాళ్లు 10 ఏళ్లు పోగొట్టుకున్నారు. బీడీ తాగే ఆడవాళ్లకు పోయింది 8 ఏళ్లు. దీన్ని పట్టుకుని 'బీడీ మేలు' అనడం కూడా అంతే తప్పు. రోజుకు 1 నుంచి 7 బీడీలు తాగేవాళ్లలోనూ మరణాల ముప్పు పెరిగిందని అదే అధ్యయనం చెప్పింది. 2003లో లాన్సెట్‌లో వచ్చిన గజలక్ష్మి బృందం అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. తమిళనాడులో 43,000 మంది మగవాళ్ల మరణాలను పరిశీలించి, క్షయ చావుల్లో పొగకు ఎంత పెద్ద పాత్ర ఉందో అది చూపించింది. పొగలో ఏముందన్నది ఒక ప్రశ్న, ఆ పొగ మనుషులను ఏం చేసిందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికి దొరికినట్టు కాదు. తునికాకు నేర్పే పాఠం ఇదే, వేడిపొగాకు విషయంలో అందరూ మరిచిపోతున్నదీ ఇదే.

వేడిపొగాకు కడ్డీ మీది కాగితం

మండుతున్న సిగరెట్టు కొసలో దమ్ము లాగినప్పుడు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి పుడుతుంది. ఫిలిప్ మోరిస్ కంపెనీ 2014లో జపాన్‌లోని నగోయా, ఇటలీలోని మిలాన్ నగరాల్లో మొదట అమ్మిన ఐకాస్ పరికరం పొగాకును 350 డిగ్రీలు దాటకుండా వేడి చేస్తుంది. ఆలోచన కొత్తది కాదు. రేనాల్డ్స్ కంపెనీ 1988లోనే ప్రీమియర్ అనే పేరుతో బొగ్గు మొన పెట్టిన ఒక కడ్డీని తెచ్చి, ఎవరూ కొనక వెనక్కి తీసుకుంది.

ఐకాస్ కడ్డీ పొడవు 45 మిల్లీమీటర్లు. అందులో పొగాకు 0.3 గ్రాముల చిల్లర. అది తరిగిన ఆకు కాదు. పొగాకు పొడిలో నీళ్లు, గ్లిసరిన్, నారపీచు, గోరుచిక్కుడు గింజల జిగురు కలిపి పలకలా పోసి ఆరబెట్టి ముడతలు పెట్టిన రేకు. (మన సీమలో మటిక్కాయలంటామే, ఆ గింజల జిగురే.) గ్లిసరిన్ వేడికి ఆవిరై పొగలాంటి మబ్బును తయారుచేస్తుంది.

ఈ కడ్డీకి కాగితం చుట్టేవాడి ముందున్న చిక్కులు సిగరెట్టు కాగితం చేసేవాడికి తలకిందులుగా ఉంటాయి. అక్కడ కాగితం కాలాలి, ఇక్కడ కాలకూడదు. అక్కడ సిట్రేటు పూస్తే మేలు, ఇక్కడ అదే లవణం శత్రువు, ఎందుకంటే క్షార లోహాల లవణాలు సెల్యులోజ్ తక్కువ వేడికే విడిపోయేలా చేస్తాయి. అక్కడ గాలి ఆడాలి, ఇక్కడ ఆడితే ఆవిరి పక్కలకు పోతుంది. పొగాకు రేకులోని గ్లిసరిన్, నీరు వేడికి బయటికొచ్చి కాగితాన్ని తడిపితే గోధుమరంగు మచ్చలు పడతాయి, కాగితం మెత్తబడి పరికరంలో అతుక్కుంటుంది. కాబట్టి తడికి ఓర్చుకునే పూత కావాలి. ఆ పూత కూడా వేడికి ఏదో ఒకటి వదులుతుంది.

వేడి ఎటునుంచి వస్తుందన్నదాన్ని బట్టి కాగితం గతి మారుతుంది. ఐకాస్ మొదటి నమూనాల్లో వేడెక్కే రేకు పొగాకు మధ్యలో గుచ్చుకుంటుంది. వేడి లోపలినుంచి బయటికి పాకుతుంది, కాగితానికి చేరేసరికి తగ్గుతుంది. బ్రిటిష్ అమెరికన్ టొబాకో 2016లో జపాన్‌లోని సెండాయ్‌లో తెచ్చిన గ్లో పరికరంలో కడ్డీ చుట్టూ గొట్టంలా వేడిపెట్టె ఉంటుంది. అక్కడ వేడి ముందు తగిలేది కాగితానికే. అది 240–250 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. కాగితంలోని హెమిసెల్యులోజ్ 200 డిగ్రీలు దాటితే విడిపోవడం మొదలుపెడుతుంది, సెల్యులోజ్ ఇంకాస్త వేడి దగ్గర. అంటే ఆ పైచుట్టు గట్టుకు ఆనుకుని నడుస్తున్నట్టే. సుద్దపొడి మాత్రం 600 డిగ్రీలు దాటేదాకా చలించదు, అందుకే దాని పాళ్లు పెంచడం మీద ఆశ పెట్టుకుంటారు. పేటెంటు పత్రాల్లో ఇంకో ఉపాయం తరచుగా కనిపిస్తుంది: కొన్ని మైక్రాన్ల మందం ఉన్న అల్యూమినియం రేకును కాగితానికి అంటించడం. వేడి సమానంగా పాకుతుంది, ఎవరైనా అగ్గిపుల్లతో వెలిగించబోయినా అంటుకోదు. తాగేసి పారేసినదాన్ని మట్టిలో కలపడం మాత్రం కుదరదు.

ఇవన్నీ ఇంజినీరింగ్‌గా చూస్తే ముచ్చటైన పనులే. ఒప్పుకోవాలి. కానీ వీటివల్ల మనిషికి ఒరిగింది ఏమిటి?

దొరికిన సాక్ష్యాన్ని వరసలో పెడితే ఇలా ఉంది. పొగాకు కాలకపోతే సిగరెట్టు పొగలో కనిపించే చాలా విషపదార్థాలు తక్కువ పాళ్లలో వెలువడతాయి. ఇందులో కంపెనీల ప్రయోగాలకూ స్వతంత్ర ప్రయోగాలకూ పెద్ద పేచీ లేదు. 2020 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఐకాస్‌కు మారితే హానికర రసాయనాలకు గురికావడం తగ్గుతుందని చెప్పుకోవడానికి అనుమతి ఇచ్చింది. రోగాల ముప్పు తగ్గుతుందని చెప్పుకోవడానికి అడిగిన అనుమతి మాత్రం ఇవ్వలేదు. ఆ రెండు వాక్యాల మధ్య ఎంత దూరం ఉందో ప్రకటనలు రాసేవాళ్లకు తెలియకేం.

రెండో వైపు సాక్ష్యం కూడా ఉంది. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (రివర్‌సైడ్) పరిశోధకులు వాడిన కడ్డీలు విప్పి చూస్తే పొగాకు నల్లగా కమిలి ఉంది, ఆవిరిని చల్లార్చే ప్లాస్టిక్ పొర కరిగి ఉంది. ఆ పొరనుంచి ఫార్మాల్డిహైడ్ సయనోహైడ్రిన్ అనే విషం వెలువడుతోందని వాళ్లు రాశారు. 'కాలడం' లేదన్నంత మాత్రాన 'విడిపోవడం' లేదని కాదు. అదే ఏడాది సెయింట్ హెలెన్ బృందం కంపెనీ సమర్పించిన సొంత దత్తాంశాన్నే తిరగేసి, ఎఫ్‌డీఏ హానికర జాబితాలో లేని మరో 56 పదార్థాలు సిగరెట్టు పొగలో కన్నా ఐకాస్ ఆవిరిలో ఎక్కువగా ఉన్నాయని, వాటిలో కొన్ని పది రెట్లకు మించి ఉన్నాయని చూపింది. ఎక్కువగా ఉన్నంత మాత్రాన అవన్నీ ప్రమాదకరమని కాదు. చూడని జాబితాలో ఏముందో అడగాలన్నదే వాళ్ల మాట.

2022 జనవరిలో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఈ రంగంలో ఇప్పటికీ మంచి కొలబద్ద. అందులో చేరిన యాదృచ్ఛిక ప్రయోగాలు 11. పదకొండుకు పదకొండూ పొగాకు కంపెనీల డబ్బుతో జరిగాయి. వేడిపొగాకుకు మారినవాళ్ల ఒంట్లో కొన్ని విషాల ఆనవాళ్లు తగ్గాయని వాటిలో కనిపించింది. పొగ మానడానికి ఇవి ఉపయోగపడతాయా అన్న ప్రశ్నను ఒక్క ప్రయోగమూ పరీక్షించలేదు. జపాన్‌లో ఇవి వచ్చాక సిగరెట్టు అమ్మకాల తగ్గుదల వేగం పెరిగిందని అమ్మకాల లెక్కల మీద ఆధారపడిన అధ్యయనాలు చెప్పాయి. అమ్మకం తగ్గడమూ రోగం తగ్గడమూ ఒకటి కాదు. కాబట్టి వేడిపొగాకు పైచుట్టు గురించి నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే: వెలువడే విషాల పాళ్లను అది మార్చగలదు. అంతకుమించి చెప్పేవాడు సాక్ష్యం దాటి మాట్లాడుతున్నాడు.

నిప్పు సంగతి

పైచుట్టు మార్పుతో నిజమైన మేలు జరిగిందని జనాభా స్థాయిలో లెక్కలున్న చోటు ఒకటే: మంటలు. సిగరెట్టు దానంతట అది రాజుకుంటూ పోవడమే ఇళ్లలో అగ్నిప్రమాదాలకు కారణమవుతోందని గుర్తించి, కాగితం మీద అక్కడక్కడ గాలి ఆడని పట్టీలు వేయడం మొదలుపెట్టారు. నిప్పు ఆ పట్టీ దగ్గరకు వచ్చేసరికి ఊపిరాడక ఆరిపోతుంది, దమ్ము లాగితేనే దాటుతుంది. న్యూయార్క్ రాష్ట్రం 2004లో, కెనడా 2005లో, యూరోపియన్ యూనియన్ 2011 నవంబర్‌లో దీన్ని తప్పనిసరి చేశాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఈ నిబంధన వచ్చాక సిగరెట్ల వల్ల ఇళ్లలో జరిగే ప్రమాదవశాత్తు అగ్నిప్రమాదాల అవకాశం 28 శాతం తగ్గిందని 2014లో ప్రచురితమైన ఆల్పర్ట్ బృందం అధ్యయనం లెక్కకట్టింది. భారత్‌లో అలాంటి నిబంధన లేదు.

ఆశ్చర్యమేమంటే ఆ పట్టీ కాగితంతో ఏది సాధించిందో తునికాకు దాన్ని ఏ పట్టీ లేకుండానే చేస్తోంది. లాగకపోతే ఆరిపోవడం. దానికి చెల్లించే మూల్యం కూడా ఒకే రకం. గాలి ఆడకపోవడం నిప్పును ఆర్పుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను లోపలే బంధిస్తుంది. 2005లో కానలీ బృందం న్యూయార్క్‌లో అమ్మిన పట్టీల సిగరెట్లను పరీక్షిస్తే మంట అంటించే గుణం బాగా తగ్గింది, పొగలో చాలా పదార్థాలు మారలేదు, కార్బన్ మోనాక్సైడ్, నాఫ్తలీన్ మాత్రం కొంత పెరిగాయి. పైచుట్టులో ఒకటి దిద్దితే ఇంకొకటి కదులుతుంది. సిగరెట్టులోనూ, బీడీలోనూ, వేడిపొగాకు కడ్డీలోనూ కనిపించే ఉమ్మడి సూత్రం ఏదైనా ఉంటే అది ఇదే.

శేషాచలానికి ఇది ఎందుకు ముఖ్యమో వేసవిలో శ్రీవారి మెట్టు నడకదారి వైపు అడవి అంచు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆకు రాలుతుంది, బోదగడ్డి నడుము ఎత్తున ఎండి నిలబడుతుంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో చెలరేగిన కార్చిచ్చును ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించిన ఈ అడవిలో ఎర్రచందనం, జాలారి లాంటి, ఇంకెక్కడా పెద్దగా పెరగని చెట్లున్నాయి. ప్రతి కార్చిచ్చునూ ఎవరో పారేసిన పీక మీదికి నెట్టడం సులువు. అలా నెట్టడానికి సాక్ష్యం కావాలి. గడ్డి కోసం పెట్టే నిప్పు, వేటగాళ్లు, స్మగ్లర్లు వండుకునే పొయ్యిలు, వంట చెరకు కోసం వెళ్లినవాళ్ల అజాగ్రత్త, అన్నీ కారణాలే.

ఇక్కడే ఒక చిన్న పరిశోధనకు చోటుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. పట్టీల సిగరెట్టును పరీక్షించే అంతర్జాతీయ పద్ధతిలో వెలిగించిన సిగరెట్టును పది పొరల వడపోత కాగితం మీద పెడతారు. 40 సిగరెట్లలో పావు వంతుకు మించి చివరిదాకా కాలకూడదు. వడపోత కాగితం సోఫాకూ పరుపుకూ ప్రతినిధి, బోదగడ్డికి కాదు. ప్రయోగశాల తేమ, చల్లదనం ఏప్రిల్ మధ్యాహ్నపు తిరుపతికి ప్రతినిధి కావు. సిగరెట్లను పరీక్షకు ముందు ఉంచే మామూలు ప్రమాణమే 22 డిగ్రీలు, 60 శాతం తేమ. శేషాచలం ఆకు రాలునూ, బోదగడ్డినీ నెలనెలా సేకరించి, వాటి తేమ కొలిచి, ఫ్యాను గాలిలో మూడు రకాల పైచుట్టులను (మామూలు సిగరెట్టు, పట్టీల సిగరెట్టు, బీడీ) వాటిమీద వదిలి ఎన్నిసార్లు అంటుకుందో లెక్కపెట్టొచ్చు. ఈ ప్రయోగంలో ఎవరూ ఒక్క దమ్ము కూడా పీల్చక్కర్లేదు, కాబట్టి మనుషుల మీద ప్రయోగాలకు ఉండే నైతిక చిక్కులు లేవు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం, తిరుపతి ఐఐటీ, ఐసర్ దగ్గరదగ్గరే ఉన్నాయి. అటవీశాఖ చేయి కలిపితే రెండు వేసవుల్లో తేలిపోయే పని.

బీడీని ఇందులో చేర్చాలని గట్టిగా చెబుతాను. అడవిలోకి కూలికి, పశువులు మేపడానికి వెళ్లేవాళ్ల చేతిలో సిగరెట్టు కన్నా బీడీయే ఎక్కువ. బీడీ తొందరగా ఆరిపోతుందని ప్రయోగశాల చెబుతుంది గనక అడవికి బీడీతో ముప్పు తక్కువని తేల్చేయడానికి లేదు. మళ్లీ మళ్లీ వెలిగించాల్సి రావడం వల్ల పారేసే అగ్గిపుల్లలు పెరుగుతాయి. ప్రయోగంలో అగ్గిపుల్లలనూ లెక్కలో పెట్టుకోవాలి.

ఆ ఫలితాలు చేతిలోకి వచ్చేలోపు కూడా ఒక నిర్ణయం తీసుకోవచ్చు. దేశంలో అమ్మే ప్రతి సిగరెట్టుకూ మంట ప్రమాణం పెట్టాలని కేంద్రాన్ని అడగడానికి విదేశాల్లో ఇళ్ల మంటల మీద ఉన్న సాక్ష్యం చాలు. అయితే ఆ ప్రమాణాన్ని పెట్టెమీద 'సురక్షిత సిగరెట్టు' అని రాసుకునే వీలు కంపెనీలకు ఇవ్వకూడదు. 'లైట్' అనే మాటతో జరిగింది చాలు. వేడిపొగాకు నిషేధాన్ని సడలించాలన్న వాదనకు కొత్త కాగితాలు, కొత్త పూతలు సాక్ష్యం కావు. కంపెనీల డబ్బుతో కాకుండా, ఏళ్ల తరబడి రోగాలను లెక్కపెట్టిన అధ్యయనం వచ్చినరోజు ఆ వాదనను మళ్లీ తెరవొచ్చు. ఈలోపు మానాలనుకునే పాఠకులకు పనికొచ్చేది పొగాకు పెట్టెల మీద 2018 సెప్టెంబర్ నుంచి అచ్చవుతున్న జాతీయ సహాయ నంబరు: 1800-11-2356. కాల్ ఉచితం.